ఆటస్థలాన్ని పరిచర్యగా చేసుకున్న నైస్మిత్

దివిసీమ ఊళ్లలో సాయంకాలం ఎండ తగ్గాక తిరిగితే ఒక దృశ్యం తరచుగా కనబడుతుంది. చెరువు గట్టు కిందనో, బడి వెనకనో చదును చేసిన నేల మీద రెండు సరుగుడు గుంజలు పాతి ఉంటాయి. వాటి మధ్య ఒక నెట్ బిగించి ఉంటుంది. నెట్ కొనడానికి డబ్బు లేనిచోట పాత చేపల వలే నెట్ అవుతుంది. పొలం నుంచి వచ్చినవాడు, ఆటో తోలేవాడు, డిగ్రీ చదివేవాడు చెప్పులు పక్కన వదిలేసి ఆటలోకి దిగుతారు. చీకటి పడి బంతి కనబడకుండా పోయేదాకా ఆట సాగుతూనే ఉంటుంది. బందరు, గుడివాడ వంటి పట్నాల్లో పెద్ద విద్యాలయాల ఆవరణలోకి వెళితే వాలీబాల్ కోర్టుతోపాటు రెండు స్తంభాలు, వాటిపైన పలకలు, పలకలకు బిగించిన గుండ్రటి రింగులు కూడా కనిపిస్తాయి. అది బాస్కెట్‌బాల్ కోర్టు.

ఈ రెండు ఆటలూ అమెరికాలో, ఒకే రాష్ట్రంలో, నాలుగేళ్ల తేడాలో పుట్టాయి. రెండింటినీ రూపొందించినవారు క్రైస్తవ యువజన సంఘంలో, అంటే మనమంతా వైఎంసీఏ అని పిలుచుకునే సంస్థలో పనిచేసినవారే. ఈ సంగతి మన సంఘాల్లో చాలామందికి తెలియదు. భక్తి వేరు, ఆట వేరు అనీ, ఆటల్లో పడిన కుర్రవాడు దేవునికి దూరమవుతాడనీ మన పెద్దలు చాలాకాలంగా నమ్ముతూ వచ్చారు. మేమూ అలాగే నమ్మాం. అందుకే బాస్కెట్‌బాల్‌కు ఆద్యుడైన జేమ్స్ నైస్మిత్ జీవితాన్ని చెప్పేముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల కిందట మేము సభ్యులుగా ఉన్న ఒక సంఘానికి చర్చి వెనక పది సెంట్ల ఖాళీ స్థలం ఉండేది. సాయంత్రాలు పేట కుర్రాళ్లు అక్కడ వాలీబాల్ ఆడేవారు. ఆ స్థలంలో గదులు కట్టి అద్దెకిస్తే సంఘానికి రాబడి వస్తుందని కమిటీలో ప్రతిపాదన వచ్చింది. దేవుని మందిరం పక్కన కేకలేమిటని ఒక పెద్ద అన్నారు. బయటివాళ్లు కూడా వచ్చి ఆడుతున్నారని మరొకరు అన్నారు. మేము ఆ సమావేశంలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వారం తిరక్కుండా గుంజలు పీకేశారు. గదులు లేచాయి, అద్దెలూ వస్తున్నాయి. కానీ అక్కడ ఆడిన కుర్రాళ్లలో కొందరు ఆదివారం ఆరాధనకు రావడం కూడా మానేశారని మాకు చాన్నాళ్లకుగాని తట్టలేదు. ఆ తరవాత నైస్మిత్ గురించి చదివినప్పుడల్లా ఆ పది సెంట్ల నేల మా కళ్లముందు మెదులుతూనే ఉంటుంది.

తల్లిదండ్రులు లేని బాలుడు

జేమ్స్ నైస్మిత్ 1861 నవంబరు 6న కెనడా దేశంలోని ఒంటారియో ప్రాంతంలో, ఆల్మోంట్ అనే చిన్న పట్నం దగ్గర పుట్టారు. తల్లిదండ్రులు స్కాట్లండ్ నుంచి వచ్చి స్థిరపడినవారు, ప్రెస్బిటేరియన్ విశ్వాసులు. 1870లో టైఫాయిడ్ జ్వరం ఆ ఇంటిని కూల్చివేసింది. తండ్రి పోయిన కొద్దిరోజులకే తల్లీ పోయింది. అప్పటికి జేమ్స్‌కు తొమ్మిదేళ్లు. అక్క ఆనీ, తమ్ముడు రాబీ, తను దిక్కులేనివాళ్లయ్యారు. కొంతకాలానికి మేనమామ పీటర్ యంగ్ ఆ పిల్లల భారం తన మీద వేసుకున్నారు.

మేనమామది గట్టి క్రమశిక్షణ. పొలం పనీ కట్టెలు కొట్టే పనీ పిల్లవాడికి చిన్ననాడే అలవాటయ్యాయి. పదిహేనేళ్ల వయసులో జేమ్స్ చదువు మానేసి అడవిలో కలప నరికే శిబిరాల్లో పనికి చేరాడు. ఎముకలు కొరికే చలిలో, మొరటు మనుషుల మధ్య నాలుగైదేళ్లు గడిచాయి. ఆ రోజుల్లో ఒకసారి అతను మద్యం దుకాణంలో సారా తెప్పించుకున్నాడనీ, పక్కనున్న ఒక పెద్దమనిషి అతని తల్లిని గుర్తుచేసి మందలించాడనీ, గ్లాసు అక్కడే వదిలేసి వచ్చినవాడు మళ్లీ దాని జోలికి పోలేదనీ ఆయన జీవితం రాసినవారు చెబుతారు. తరవాత అతను తనకన్నా చిన్న పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని హైస్కూలు చదువు పూర్తిచేశాడు. ఇరవయ్యేళ్ల యువకుడికి అది చిన్న అవమానం కాదు.

ఆ పల్లెలో పిల్లలు ఒక ఆట ఆడేవారు. పెద్ద బండ మీద చిన్న రాయి పెట్టి, దూరంనుంచి తలా ఒక రాయి విసిరి దాన్ని పడగొట్టాలి. మన ఏడుపెంకులాటకు దూరపు చుట్టం అనుకోవచ్చు. బలంగా విసిరితే గురి తప్పడమే కాక, విసిరిన రాయి దూరంగా పడి తెచ్చుకోవడం కష్టమయ్యేది. మెల్లగా ఎత్తి, వంపుగా వేసినవాడిదే పైచేయి. ఈ చిన్ననాటి అనుభవం ఆయనకు ముప్ఫయ్యవ ఏట అక్కరకొచ్చింది.

వేదాంత కళాశాల నుంచి వ్యాయామశాలకు

1883లో నైస్మిత్ మాంట్రియల్ నగరంలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1887లో పట్టా పుచ్చుకుని అక్కడే ప్రెస్బిటేరియన్ కళాశాలలో దైవసేవకు చదువు మొదలుపెట్టారు. పాదిరి కావాలన్నది ఆయన కోరిక. అక్క కోరిక కూడా అదే. అయితే ఆయన ఫుట్‌బాల్ జట్టులో ఆడేవారు, లాక్రాస్ ఆడేవారు, వ్యాయామశాలలో పాఠాలు చెప్పేవారు. ఆ కాలంలో చాలామంది భక్తుల దృష్టిలో ఫుట్‌బాల్ సాతాను ఆట. తోటి వేదాంత విద్యార్థులు కొందరు ఒక గదిలో చేరి ఆయన ఆత్మ రక్షణకోసం ప్రార్థన చేసేవారట. ఒక శనివారం ఆటలో దెబ్బలు తగిలి, కమిలిన కళ్లతోనే మరునాడు వేదిక ఎక్కి ప్రసంగించిన సందర్భమూ ఉంది.

ఆయన దారి మార్చింది చాలా చిన్న సంఘటన. ఒక ఆటలో పక్కనే ఆడుతున్న జట్టువాడు కోపం వచ్చి బూతుమాట నోరుజారాడు. వెంటనే నైస్మిత్ వైపు చూసి, ఆయన అక్కడున్నాడన్న సంగతి మరిచానని సిగ్గుపడి క్షమాపణ అడిగాడు. నైస్మిత్ అప్పటిదాకా అతనికి ఏ బోధా చేసినవారు కాదు. కలిసి ఆడారు, శుభ్రంగా ఆడారు, అంతే. వేదిక మీద గంటసేపు చెప్పే ప్రసంగం చేరలేని చోటికి ఆటలో ఒక మనిషి నడవడి చేరుతుందని ఆయనకు ఆ పూట అర్థమైంది. 1890లో వేదాంత చదువు పూర్తిచేసి, సంఘ కాపరి పదవికి వెళ్లకుండా అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్నంలో ఉన్న వైఎంసీఏ శిక్షణ కళాశాలలో చేరారు. తమ్ముడు దైవసేవ వదిలేశాడన్న బాధ అక్క ఆనీని చివరిదాకా విడిచిపెట్టలేదంటారు. మంచి నిర్ణయమైనా ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే ఆ భారం ఎలాంటిదో మన విశ్వాసుల్లో చాలామందికి తెలుసు.

పద్నాలుగు రోజుల గడువు

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వ్యాయామ విభాగానికి పెద్ద లూథర్ గులిక్. అక్కడ పద్దెనిమిది మంది పెద్దవయసు విద్యార్థుల తరగతి ఒకటి ఉండేది. వేసవిలో, శరత్కాలంలో బయట ఆడుకునే వీళ్లకు మంచుకాలం వస్తే నాలుగు గోడల మధ్య కవాతు, దండీలు, కసరత్తులే గతి. అవి వాళ్లకు విసుగు. అప్పటికే ఇద్దరు అధ్యాపకులు ఆ తరగతితో వేగలేక చేతులెత్తేశారు. గులిక్ ఆ బాధ్యతను నైస్మిత్‌కు అప్పగించి, లోపల ఆడదగ్గ కొత్త ఆట ఒకటి తయారుచేయడానికి రెండు వారాల గడువిచ్చారు.

నైస్మిత్ మొదట తెలిసిన ఆటలనే గదిలో ఆడించి చూశారు. ఫుట్‌బాల్ ఆడిస్తే ఒళ్లు పగిలింది, లాక్రాస్ ఆడిస్తే చేతులకు, ముఖాలకు గాయాలయ్యాయి. గడువు అయిపోవచ్చింది. అప్పుడాయన అసలు ఆటల్లో మనుషులు ఒకరినొకరు ఎందుకు గాయపరచుకుంటారని ఆలోచించారు. బంతి పట్టుకుని పరుగెత్తేవాడిని ఆపాలంటే మీదపడి కింద పడేయాలి. బంతితో పరుగెత్తడమే లేకపోతే మీదపడే అవసరం రాదు. గోల్ ఎదురుగా నిలువుగా ఉంటే బంతిని బలంకొద్దీ కొడతారు. గోల్‌ను తలలకు పైన, అడ్డంగా పెడితే బలం పనికిరాదు, మెల్లగా వంపుగా వేయాలి. చిన్నప్పటి బండ మీది రాయి ఆట గుర్తొచ్చింది ఇక్కడే. ఆట పుట్టుకలోనే ఎదుటివాడి ఒంటి మీద జాలి ఉంది. అందుకే నైస్మిత్ ఆటలో మాకు ఆయన విశ్వాసమూ కనబడుతుంది.

పదమూడు నియమాలు రాసి, టైపు చేయించి గోడకు అంటించారు. భుజంతో తోయడం, పట్టుకోవడం, కాలు అడ్డంపెట్టడం, కొట్టడం తప్పులని వాటిలో స్పష్టంగా ఉంది. రెండు చెక్కపెట్టెలు కావాలని అక్కడి పనివాడిని అడిగితే పెట్టెలు లేవని పీచ్ పళ్ల బుట్టలు రెండు తెచ్చిచ్చాడు. వాటినే పది అడుగుల ఎత్తున గోడ వరండా అంచుకు మేకులతో కొట్టారు. 1891 డిసెంబరు 21న, క్రిస్మసుకు నాలుగు రోజుల ముందు, పక్షానికి తొమ్మిదిమంది చొప్పున మొదటి ఆట జరిగింది. ఆట మొత్తంలో ఒక్కసారే బంతి బుట్టలో పడింది. ఆటకు ఆయన పేరే పెడదామని ఒక విద్యార్థి అంటే నైస్మిత్ నవ్వి తోసిపుచ్చారు. బుట్టా బంతీ కలిపి బాస్కెట్‌బాల్ అన్న పేరు స్థిరపడింది.

మరుసటి సంవత్సరమే స్త్రీలూ ఈ ఆట ఆడటం మొదలుపెట్టారు. దగ్గరలోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు విద్యార్థినులకు దీన్ని నేర్పారు. తొలిరోజుల్లో ఆడిన యువతుల్లో ఒకరైన మాడ్ షెర్మన్‌ను 1894లో నైస్మిత్ పెళ్లాడారు. ఆడపిల్ల ఆటస్థలంలో అడుగుపెడితే ఈనాటికీ ముఖం చిట్లించే మన ఇళ్లకు ఇదొక గుర్తింపు. 1895లో నైస్మిత్‌ను ఎరిగిన విలియం మోర్గన్ అనే మరో వైఎంసీఏ వ్యాయామ నిర్వాహకుడు, స్ప్రింగ్‌ఫీల్డ్‌కు దగ్గర్లోని హోల్యోక్ పట్నంలో, అంత పరుగు చేయలేని పెద్దవయసువారి కోసం వాలీబాల్ తయారుచేశారు. దివిసీమ కుర్రాళ్లు ఆడుతున్నది ఆ ఆటే.

గెలుపుల లెక్క చూసుకోని మాస్టారు

నైస్మిత్ డెన్వర్ నగరంలో వైఎంసీఏలో పనిచేస్తూ వైద్యం చదివి 1898లో డాక్టరు పట్టా పొందారు. అదే ఏడు కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. విశ్వవిద్యాలయ ప్రార్థనాలయ బాధ్యత, వ్యాయామం నేర్పే పని రెండూ ఆయనవే. ప్రార్థన నడిపే మనిషే వ్యాయామం నేర్పడం ఆయనకు వింతగా తోచలేదు.

అక్కడ 1907 వరకు బాస్కెట్‌బాల్ జట్టుకు ఆయన శిక్షకుడు. ఆ జట్టు 55 ఆటలు గెలిచి 60 ఓడింది. ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్న శిక్షకుడు ఆ ఆటను కనిపెట్టిన నైస్మిత్ ఒక్కరే! ఆయనకు అదేమీ బాధ కలిగించలేదు. ఆటను ఆడాలిగాని దానికి శిక్షకుడెందుకన్నది ఆయన అభిప్రాయం. ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్ మాత్రం శిక్షణనే వృత్తిగా తీసుకుని ఎన్నో విజయాలు సాధించారు. గురువు మనిషి నడవడి చూశారు, శిష్యుడు దానికి గెలుపు కూడా జోడించారు. ఆ తరవాతి అమెరికా ఎక్కువగా గెలుపునే పట్టుకుంది.

1916లో ప్రెస్బిటేరియన్ సంఘం ఆయనను పాదిరిగా అభిషేకించింది. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. కాన్సాస్ సైనిక దళంతో మెక్సికో సరిహద్దుకు వెళ్లి సైనికులకు ఆత్మీయ సేవ చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో వైఎంసీఏ తరఫున ఫ్రాన్సులో సైనికుల మధ్య పనిచేశారు. యౌవనంలో వదిలేశాడనుకున్న పిలుపు వేరే దారిలో ఆయన దగ్గరికే తిరిగొచ్చింది. ఆటమీద ఆయన హక్కులు రాయించుకోలేదు, సంపద కూడబెట్టుకోలేదు. 2010లో ఆ పదమూడు నియమాల అసలు కాగితాలు వేలంలో 43 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి పోటీ ఆటగా చేరింది. అమెరికాలోని శిక్షకులు, ఆటగాళ్లు డబ్బు పోగుచేసి వృద్ధుడైన నైస్మిత్‌ను అక్కడికి పంపారు. 20కి పైగా దేశాల జట్లను చూసి ఆయన కళ్లు చెమర్చి ఉంటాయి. ఫైనల్ వానలో, బురద నేల మీద జరిగింది. ఆయన స్థిరపడ్డ అమెరికా ఆయన పుట్టిన కెనడాను 19–8తో ఓడించింది. మరుసటి ఏడు భార్య మాడ్ కన్నుమూశారు. 1939 నవంబరు 28న నైస్మిత్ ప్రభువునందు నిద్రించారు. అదే ఏడు అమెరికా కళాశాలల జాతీయ బాస్కెట్‌బాల్ పోటీ మొదలైంది. నేడు ప్రతి మార్చిలో ఆ పోటీల కోసం ఆ దేశంలో కోట్లమంది టీవీలకు అతుక్కుపోతారు. చిన్న పట్నాల్లో హైస్కూలు ఆట ఉన్న రాత్రి ఊరంతా అక్కడే ఉంటుంది. దేశాధ్యక్షులు సైతం ఆటస్థలంలో కనిపించడం గౌరవంగా భావిస్తారు. అమెరికావారు తమ దేశం ఎలా ఉందో, ఎలా ఉండాలో మాట్లాడుకోవడానికి ఆటను ఒక అద్దంగా చేసుకున్నారు. ఆ అద్దంలో వారికి కనబడిన మచ్చ జాతివివక్ష.

నీళ్లు తోడేసిన కొలను

1933లో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి యువకుడు వ్యాయామ విద్య చదవడానికి కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. తండ్రి చెప్పి పంపినట్టుగానే నేరుగా నైస్మిత్ గదికి వెళ్లి, ఆయనే తనకు మార్గదర్శి అని చెప్పాడు. 70 దాటిన నైస్మిత్ కాదనలేదు. అతన్ని చేరదీశారు, ఆటను గురించి తనకు తెలిసినదంతా పంచారు. కానీ ఆ విశ్వవిద్యాలయం జట్టులో నల్లవారికి చోటు లేదు. బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన మనిషి దగ్గరే చదువుతూ ఆ జట్టులో ఒక్క ఆట ఆడే హక్కు మెక్లెండన్‌కు లేకపోయింది. ఈత కొలనులో అతను దిగితే నీళ్లు తోడేశారు.

ఈ సంగతి చదువుతుంటే మాకు మన డెల్టా ఊళ్ల మంచినీళ్ల చెరువులు, బావులు గుర్తొచ్చాయి. ఎవరు ఏ రేవులో దిగాలో, ఎవరు దిగకూడదో మన తాతలనాటి లెక్కలు మనకు తెలుసు. ఊరికి ఒక కోర్టు, పేటకు ఒక కోర్టు ఉన్న పల్లెలూ మనకు తెలుసు. మన సంఘాల్లోనే ఎవరు ఏ చర్చికి వెళ్లాలో కులమే చెప్పే చోట్లు లేవని గుండెమీద చెయ్యి వేసుకుని అనగలమా?

నైస్మిత్ ఆ గోడను కూల్చలేకపోయారు. ఈ మాట దాచడం న్యాయం కాదు. కాన్సాస్ జట్టులో మొదటి నల్లజాతి ఆటగాడు అడుగుపెట్టింది 1951లో, ఆయన పోయిన పన్నెండేళ్లకు. ఆయన చేసింది ఒక్కటే. తన గది తలుపు తట్టినవాడికి తలుపు తీశారు. మెక్లెండన్ 1936లో పట్టా పుచ్చుకుని నార్త్ కరొలైనాలోని నల్లవారి కళాశాలలో శిక్షకుడయ్యాడు.

1944 మార్చి 12 ఆదివారం ఉదయం డర్హమ్ పట్నంలో ఒక ఆట జరిగింది. వైఎంసీఏ సమావేశాల్లో చాటుగా కలుసుకున్న విద్యార్థుల మాటల్లోంచి పుట్టిన ఆలోచన అది. డ్యూక్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థుల తెల్ల జట్టు, మెక్లెండన్ శిక్షణలోని నల్ల జట్టు తలుపులు వేసుకుని, చూసేవారెవరూ లేకుండా ఆడాయి. బయటికి తెలిస్తే ప్రాణాలకే ముప్పు. ఊరంతా ఆరాధనలో ఉండే వేళ కాబట్టి ఆ సమయం ఎంచుకున్నారు. మెక్లెండన్ జట్టు 88–44తో గెలిచింది. ఆ తరవాత ఇరు జట్లవారూ కలగలిసి రెండు పక్షాలుగా మారి ఇంకో ఆట ఆడారు. ఈ సంగతి 50 ఏళ్లకు పైగా లోకానికి తెలియలేదు.

ఈ ఉదంతం మమ్మల్ని కలవరపెడుతుంది. ఆ ఆదివారం ఉదయం ఆ పట్నంలో తెల్లవారు ఒక చర్చిలో, నల్లవారు ఇంకో చర్చిలో కూర్చుని ఒకే దేవుణ్ణి స్తుతిస్తున్నారు. వారందరూ కలిసి ఉన్న ఒకే ఒక్క చోటు తలుపు వేసిన ఆటస్థలం. ఆరాధన ఎగ్గొట్టమని మేము చెప్పడం లేదు. సంఘం కలపాల్సిన మనుషులను సంఘం విడదీస్తే దేవుడు వారిని ఎక్కడ కలుపుతాడో మనం ఊహించలేమని మాత్రం చెబుతున్నాం.

మద్రాసు మీదుగా మన ఊరికి

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదటి ఆటలో ఒక పక్షానికి నాయకుడిగా ఉన్న డంకన్ ప్యాటన్ 1894 ప్రాంతంలో బాస్కెట్‌బాల్‌ను మన దేశానికి తెచ్చారు. అయితే ఆటలు మన బడుల్లో వేళ్లూనడానికి కారకుడు మరొక స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థి, హ్యారీ క్రో బక్. ఈ అమెరికన్ 1919లో భార్యతో మద్రాసుకు వచ్చి, 1920లో వైఎంసీఏ వ్యాయామ శిక్షణ పాఠశాలను ప్రారంభించారు. దేశంలో అలాంటి వాటిలో అదే మొదటిది. తరవాత సైదాపేట దగ్గర విశాలమైన ఆవరణలో అది కళాశాలగా పెరిగింది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు వెంట ఆయన నిర్వాహకుడిగా ఉన్నారు. 1943లో మద్రాసులోనే కన్నుమూశారు.

మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో డ్రిల్లు మాస్టారు కావాలంటే శిక్షణకు చూపు మద్రాసు వైపే. అలా నేర్చినవారు విజిల్ మెడలో వేసుకుని డెల్టా బడులకు వచ్చారు. బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన బడి, ఉయ్యూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో కెనడా బాప్టిస్టు మిషనరీల సేవ మన తాతలకు అక్షరం నేర్పాయి. కెనడాలోనే పుట్టిన ఒక వేదాంత విద్యార్థి ఆలోచన ఇంకో దారిలో అదే నేలకు చేరింది. దేవుని ఏర్పాటు ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

మన చేతిలో ఉన్న పది సెంట్లు

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో విశ్వాసిని పందెంలో పరుగెత్తేవానితో పోల్చాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికలో దేహ సాధనకు కొంత ఉపయోగం ఉందని ఒప్పుకుంటూనే, భక్తి అంతకన్నా మేలని చెప్పాడు. పౌలు ఆటను పూజించమనలేదు, తొక్కివేయమనీ అనలేదు. ఆటను పూజించేవారికీ ఆటను పాపమనేవారికీ మధ్య నైస్మిత్ నడిచిన దారి ఇదే.

మన పెద్దల భయంలో న్యాయం బొత్తిగా లేదని మేము అనం. ఆట మీద పందేలు కాసి అప్పులపాలైన కుర్రాళ్లున్నారు. ఆదివారం టోర్నమెంటుల పేరుతో నెలల తరబడి ఆరాధనకు రానివారున్నారు. గెలుపుకోసం కొట్టుకుని ఊళ్లు విడిపోయిన సందర్భాలూ ఉన్నాయి. కానీ వీటికి మందు గుంజలు పీకేయడం కాదు. ఆటస్థలంలో బూతుమాట రాగానే ఎవరి ముఖం చూసి సిగ్గుపడాలో, ఆ ముఖం ఒకటి అక్కడ ఉండాలి. మన యువజన సంఘంలో ఒక్కరు సాయంత్రం ఓ గంట ఆటస్థలంలో గడిపితే ఆ పని మొదలవుతుంది. నెట్‌కు అటూ ఇటూ ఊరివారూ పేటవారూ కలిసి నిలబడేలా, అమ్మాయిలకూ ఒక వేళ కేటాయించేలా చూస్తే అది ప్రసంగంకన్నా బలమైన సాక్ష్యం.

మా సంఘంలో ఆ గదులను మళ్లీ కూల్చమని మేము అడగలేం. అయితే ఈమధ్య కమిటీలో ఒక మాట లేవదీశాం. ఆ అద్దెల్లో కొంత పక్కకు తీసి, ఊరవతల ఉన్న సంఘం నేలలో కొంత భాగం చదును చేయించి, రెండు గుంజలు పాతిద్దామని అడిగాం. పెద్దల్లో కొందరు ఆలోచిద్దామన్నారు, కొందరు మౌనంగా ఉన్నారు. ఆ మౌనం ఎలాంటిదో మాకు బాగా తెలుసు, మేమూ ఒకనాడు అక్కడే కూర్చున్నవాళ్లం. అయినా ఈసారి మళ్లీ అడుగుతాం. ఆరాధనకు రావడం మానేసిన ఆ కుర్రాళ్లలో ఇద్దరి ఇళ్లకు వెళ్లాం కూడా. వారు చర్చికి వస్తామని చెప్పలేదు. నెట్ ఎప్పుడు కడతారని మాత్రం అడిగారు.